సాగు గడిలో సున్నా

నిజామాబాద్ నెట్ సెంటర్‌లో నా మొదటి ఆదాయపు పన్ను రిటర్ను నేనే నింపుతున్నాను. ఈ రోజే ఆఖరు.

సాఫ్ట్‌వేర్ వ్యవసాయ ఆదాయం ఎంత అని అడిగింది. సున్నా కొట్టాను.

"జర ఆగు," అన్నాడు వెనక నిలబడ్డ మా అన్న దేవిదాస్. "వకీల్ సాబ్‌తోని నింపిద్దాం."

"బ్యాంకుల నౌకరి చేస్తున్న, నాకు గిది రాదానే? కరెంటు పోతే ఆగమైతం."

చివరి పేజీలో, రాసినదంతా నిజమని ఒప్పుకొమ్మంది. మౌస్ మీది నా చేతిని అన్న గట్టిగా పట్టుకున్నాడు.

"అబద్ధం రాస్తే నౌకరి పోతదా?"

"పోవచ్చు. నేనేం అబద్ధం రాసిన?"

"గా సున్నా." అన్న తల వంచుకున్నాడు. "బోధన్ కాడి చెరుకు తోట, బాపు పోయేముందు నీ పేరు మీద పట్టా చేసిండు. నేనే చెప్పలే. పంట పైసలు నేనే తీసుకుంటున్న."

వెనక పేజీకి వెళ్లి సున్నా చెరిపేశాను.

"ఈసారి ఎంతొచ్చింది అన్నా?"