డబ్బాలో ఏడుపు

గొడ్డలి మొదటి దెబ్బకే కంప్యూటర్ అద్దం పగిలి పొగ లేచింది. రెండో దెబ్బ ప్రభుదాసు భుజాన్ని చీల్చుకుంటూ పోయి బల్లలో దిగబడింది.

"తియ్‌రా! మా వదిన ఏడుపు తియ్! గిప్పుడే తియ్!" గొడ్డలి పీకుతూ అరిచాడు చెన్నయ్య.

కొత్తకోట బస్టాండు వెనక ప్రభుదాసు నడుపుకుంటున్న నెట్ సెంటర్ అది. పరీక్ష ఫలితాలు చూసుకుందామని వచ్చిన శ్రుతి, మూలనున్న కంప్యూటర్ వెనక ముడుచుకుపోయింది. కొడుక్కి మెయిల్ పంపించుకుంటున్న లారీ డ్రైవర్ కుర్చీ ఎత్తాడు గానీ, గొడ్డలి పదును చూసి మెల్లగా దించేశాడు. పాపం, అతన్ని అనడానికేం లేదు.

ప్రభుదాసుకు ఒకటే పిచ్చి. టేపురికార్డరు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పల్లె ఆడవాళ్ల పాటలు పట్టుకొస్తాడు. వరినాట్ల పాటలు, పెళ్లి పాటలు, ఏడుపులు. వాటన్నిటికీ సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టాడు. ఆ సైటు నడిచేది ఎక్కడో పెద్ద కంపెనీలో కాదు, ఈ బల్ల కింద గుర్రుమంటున్న ఇనప డబ్బాలోంచే. పుణెకు మట్టి పనికి పోయినవాళ్లు అక్కడ నొక్కితే ఇక్కడి పాట వినిపిస్తుంది. క్యాసెట్లన్నీ ఎప్పుడో బూజు పట్టిపోయాయి. పాడిన ముసలమ్మల్లో సగం మంది పోయారు. ఇక ఆ గొంతులు మిగిలింది ఆ డబ్బాలోనే.

చెన్నయ్య చూపు బల్ల కిందికి పోయింది.

"అద్దంల లేదా? గీ డబ్బల ఉన్నదా?"

ప్రభుదాసు ఒక్క ఉదుటున దాని మీద బోర్లా పడ్డాడు. "నన్ను నరుకు చెన్నన్నా. దీన్ని మాత్రం ముట్టకు."

"నరకననుకున్నవా?"

డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. లోపల ఏదో పటుక్కుమంది. ఇంకో తన్ను. ప్రభుదాసు నోట్లోంచి రక్తం కారి డబ్బా మీద పడింది. అయినా చేతులు వదల్లేదు.

"ఒక్కసారి ఇను అన్నా... ఇన్నంక పలగ్గొట్టు."

"నేనెందుకినాలె? పుణెకెల్లి మా బామ్మర్ది ఫోన్ జేసిండు. యాదమ్మ ఏడుపు నెట్ల వస్తున్నదట. ఇంటాంటే పాణం తరుక్కపోతున్నదట. మనోళ్లందరు ఒక్కకాడ గూసొని ఇంటున్రట!"

అతని భయం అర్థమయ్యేదే. చెన్నయ్య వాళ్ల వీపనగండ్ల వైపు ఏడుపంటే ఉత్త కన్నీళ్లు కావు. పోయినవాడి పుట్టుక నుంచి చావు దాకా, ఎవరు పెట్టారో ఎవరు కొట్టారో, అన్నీ రాగం తీసి చెబుతారు ఆడవాళ్లు. పోయిన ఏడు చెన్నయ్య వాళ్లన్న కృష్ణయ్య కాలు జారి బావిలో పడ్డాడన్నారు. ఆ రోజు యాదమ్మ మొగుడి శవం ముందు బండలా కూర్చుంది. ఒక్క మాట అనలేదు, ఒక్క రాగం తీయలేదు. ఊరంతా ముక్కున వేలేసుకుంది.

"సావునాడు నోరు తెర్వలే గదా, ఏం తెల్వదనుకున్న," చెన్నయ్య గొడ్డలి పైకెత్తాడు. "తర్వాత నీ ముంగట గూసొని అన్ని కక్కింది! పొలం గెట్టు కాడ పార కట్టెతోని నేను కొట్టింది, బాయిల నూకింది, అన్ని జూసిందన్న మాట! ఎవలు లేరనుకున్న గదరా ఆడ!"

లారీ డ్రైవర్ మళ్లీ కుర్చీ అందుకున్నాడు. ఈసారి దించలేదు. పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

శ్రుతి తన కంప్యూటర్‌లో ఆ పాట నొక్కింది. స్పీకర్లలోంచి యాదమ్మ గొంతు లేచింది.

"ఓ నాయినా... నా సేనంత దున్నినోడా... ఎండకు వానకు ఓర్సినోడా... నన్నిడిసి యాడికి వోతివి నాయినా..."

చెన్నయ్య ఎత్తిన గొడ్డలి గాల్లోనే ఆగిపోయింది. ప్రతి రాగానికీ ఉలిక్కిపడుతూ, చెవులు రిక్కించి వింటున్నాడు. ఏడుపు సాగుతూనే ఉంది.

"నా పేరు ఎప్పుడొస్తదిరా?" పీల గొంతుతో అడిగాడు.

ప్రభుదాసు నోట్లోని రక్తం ఉమ్మి, డబ్బాను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"రాదు చెన్నన్నా. గది మీ వదిన ఎద్దు సచ్చిననాడు ఏడ్చిన ఏడుపు."