పేజీ ముందుకు జరుగుతోంది

ఇంట్లో సర్వర్ పెడతానని కోడలు అన్నప్పుడు భర్త అడిగిందల్లా అది ఎంత చోటు తింటుందని. చెప్పుల స్టాండులో పై అర చాలంది. సరేనని డ్యూటీకి వెళ్లిపోయాడు. పుస్తకాలతో ఆయనకు పేచీ లేదు. ఆయన చదివేదల్లా మాత్రల అట్ట వెనక గడువు తేదీ.

సర్వర్ అంటే బ్రహ్మాండమేమీ కాదు. తెర పగిలిన పాత ల్యాప్‌టాప్. దానికో హార్డ్ డిస్క్ తగిలించి, వైఫై డబ్బా పక్కన పెట్టి రాత్రీ పగలూ నడిపిస్తే, మన సినిమాలూ పుస్తకాలూ ఇంట్లో ఏ ఫోన్‌లో కావాలంటే ఆ ఫోన్‌లోకి వస్తాయి. వీడియోల్లో అలాగే చెప్పారు. చెప్పినవాళ్లంతా కుర్రాళ్లు, నవ్వుతూ చెప్పారు.

ఆమె బాధ సినిమాల గురించి కాదు, గొంతు గురించి. ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుని, డాక్టరుగారు ఇవాళ రారని వచ్చినవాళ్లందరికీ చెప్పడమే ఆమె ఉద్యోగం. చెప్పి చెప్పి గొంతులో చిన్న కాయ లేచింది. ఉద్యోగంలో ఎలాగూ తప్పదు, ఇంట్లోనైనా నోరు కట్టేసుకోమన్నాడు గొంతు డాక్టరు. లేదంటే కొయ్యాలట. కోశాక మళ్లీ ఇదే గొంతు వస్తుందని మాటివ్వలేనన్నాడు.

ఇంట్లో నోరు కట్టేసుకుందామంటే అత్తగారున్నారు.

కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడకు మనుషులు ఆనుతున్నారు గానీ అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అద్దాలు మార్చినా అంతే. ఆవిడేమో డిటెక్టివ్ నవల లేనిదే అన్నం సహించని మనిషి. అందుకని రోజూ భోజనాలయ్యాక కోడలు పైకి చదువుతుంది, అత్తగారు పడక్కుర్చీలో కళ్లు మూసుకుని వింటారు. అధ్యాయం అవగానే హంతకుడెవరో చెరో పేరూ చెప్పుకుంటారు. అత్తగారు చెప్పిన పేరు ప్రతిసారీ తప్పే. అక్కడి నుంచి మాట ఆసుపత్రి కబుర్ల మీదికి మళ్లుతుంది. ఏ నర్సు ఎవరితో పోట్లాడిందో ఆవిడకు తెలిసినంత పెద్ద డాక్టరుకు కూడా తెలియదు.

గొంతు సంగతి కోడలు చెప్పలేదు. చెబితే ఆవిడ ఆ క్షణమే చదవడం మాన్పిస్తారు. పగలంతా గోడలు చూస్తూ కూర్చునే మనిషికి ఉన్న ఒక్క కాలక్షేపమూ పోతుంది. అదే యంత్రం చేత చదివిస్తే ఏ గొడవా ఉండదనుకుంది.

నేర్చుకోవడం మాత్రం నల్లేరు మీద నడకలా సాగలేదు. మొదటి వారంలోనే ఏదో కొట్టబోయి ఏదో కొట్టి డిస్క్ మొత్తం తుడిచిపెట్టింది. పెళ్లి వీడియో పోయింది. భర్త ఇప్పటిదాకా గమనించలేదు. కిందా మీదా పడి చివరికి సినిమాలకో సర్వీసు, పుస్తకాలకో సర్వీసు నిలబెట్టింది. కొత్తగా విడుదలైన నవల ఒకటి కొని అందులోకి ఎక్కించింది. టాబ్లెట్‌లో మీట నొక్కితే చాలు, అదే పైకి చదువుతుంది.

అత్తగారు ఓపిగ్గా విన్నారు. ఆడగొంతు బస్సుల వేళలు చెబుతున్నట్టుందన్నారు. మగగొంతు వింటే వీడే హంతకుడేమో అనిపిస్తోందన్నారు. వేగం తగ్గిస్తే, తాగొచ్చాడా అని అడిగారు.

“ఎన్ని చెప్పు, నువ్వు చదివినట్టు ఉండదమ్మాయ్,” అని తేల్చేశారు. టాబ్లెట్ మాత్రం పాటలకు పనికొస్తుందని తన దగ్గరే ఉంచుకున్నారు.

కోడలికి సంతోషమూ వేసింది, ఏడుపూ వచ్చింది. మళ్లీ తన ఫోన్ తెరిచి తనే చదవసాగింది.

ఇంతలో కొత్త తలనొప్పి మొదలైంది. నవల తెరిస్తే నిన్న ఆపిన చోట తెరుచుకోవడం లేదు, ఎక్కడో ఇంకా చదవని అధ్యాయంలో తేలుతోంది. ఎంతవరకు చదివామో సర్వర్ గుర్తుపెట్టుకుని ఏ పరికరంలోనైనా సరిగ్గా అక్కడికే తెస్తుంది. ఆ సర్వీసు గొప్పంతా అదే. ఆ గొప్పే ఇప్పుడు బెడిసికొట్టింది. హంతకుడి పేరు ఎక్కడ కంటబడుతుందోనని ఆమె ఓ కన్ను మూసుకుని వెనక్కి తిప్పుకోవాల్సి వస్తోంది.

సర్వర్‌లో గడియారం సరిచేసింది. కేబుల్ మార్చింది. ల్యాప్‌టాప్ వేడెక్కి మతి తప్పుతోందేమోనని ఫ్యాను పెట్టింది. పేజీ తన దారిన తాను ముందుకు జరుగుతూనే ఉంది. ఇంటర్నెట్‌లో మొరపెట్టుకుంటే, ఆ వెర్షన్‌కి ఆ జబ్బు ఉందనీ మొదటి నుంచీ మళ్లీ ఎక్కించుకోమనీ ఓ పెద్దమనిషి సలహా ఇచ్చాడు. ఆదివారమంతా కూర్చుని అదీ చేసింది. సోమవారం తెరిచి చూస్తే పేజీ ఆపిన చోటే ఉంది. ఆ మాత్రం దానికే ఆమె మనసు తేలికపడింది.

గొంతు మాత్రం ఆ రోజు పూర్తిగా మొండికేసింది. ఆసుపత్రిలో జనం విరగబడ్డారు. ఇంటికొచ్చేసరికి మాటకు బదులు గాలి వస్తోంది. ఇక దాచి లాభం లేదు, ఇవాళ చెప్పేద్దామనుకుంది. హాల్లోకి వచ్చేసరికి అత్తగారు పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని సిద్ధంగా ఉన్నారు.

“ఏమ్మాయ్, వచ్చావా?”

“వచ్చానత్తయ్యా,” అని కూర్చుంది. చెప్పలేకపోయింది.

కాస్త చదివేసరికి గొంతులో ముల్లు గుచ్చినట్టయింది. దాంతో ఎన్నడూ చేయని పని చేసింది. రెండు పేజీలు మింగేసి, ఇన్‌స్పెక్టరు జీపెక్కే చోట మళ్లీ అందుకుంది. కథ ఎక్కడా తెగలేదు. ఇద్దరికీ కొత్త నవల, వినేవాళ్లకు తెలిసే దారే లేదు. అయినా దొంగతనం చేసినట్టు చెవులు వేడెక్కాయి.

“వంటవాడు సాక్ష్యం చెప్పే పేజీలు వదిలేశావమ్మాయ్,” అన్నారు అత్తగారు కళ్లు తెరవకుండానే, “అవి చదవకపోతే చివర్లో హంతకుడెలా దొరికాడో నీకు అర్థం కాదు.”