నాయనమ్మ కుడిచెవి

చెవులు కుట్టించిన రోజే పిల్లలందరికీ ఒంట్లో నలత కనిపెట్టి మాట్లాడే పూస పెట్టడం మొదలయ్యాక, ఇళ్ళలో పెద్దవాళ్ళ మాట సాగడం లేదు.

వెల్లుల్లి వేసి కాచిన నూనె గిన్నెతో హారిక వచ్చేసరికి, ఆరేళ్ళ మనవరాలు మంగతాయారు చెవిపోటుతో మూలుగుతోంది.

"ఇటు పడుకోవే. రెండు చుక్కలేస్తే చేత్తో తీసేసినట్టు పోద్ది."

"నూనె పోయకండి," అంది పిల్ల చెవికున్న పూస. "జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరింది. నూనె అక్కడిదాకా వెళ్ళదు. డాక్టరుగారికి కబురు పెట్టాను, సాయంత్రం చూస్తారు."

"నువ్వా నాకు చెప్పేది? మా అమ్మ నాకు ఇదే పోసేది. నాకేమైందంట?" అని హారిక గదమాయించింది.

మంగతాయారు పోటు మర్చిపోయి, పూస తీసి నాయనమ్మ కుడిచెవికి తగిలించింది.

"ఈ కర్ణభేరికి చిల్లుంది. చిన్నప్పటిది. ఈ చెవి సరిగా వినపడదు," అంది పూస.

"ఏమందే అది?" అంటూ హారిక ఎడమ చెవి ఇటు తిప్పింది.

పూస అన్నదంతా మంగతాయారు గట్టిగా చెప్పి, అడిగింది. "అందుకేనా నాయనమ్మా, నువ్వెప్పుడూ అందరికీ కుడిపక్కనే కూర్చుంటావు?"

హారిక గిన్నె కింద పెట్టింది.

"చీము కారేది. కారినప్పుడల్లా పోసేది మా అమ్మ. పాపం, ఆమెకేం తెలుసు."

మంగతాయారు లేచి, నాయనమ్మ ఎడమవైపుకొచ్చి ఆనుకుని కూర్చుంది. హారిక నూనెలో వేలు ముంచి, చీర కాస్త పైకి జరుపుకుంది.

"మోకాళ్ళకి రాసుకుంటాలే. అవింకా మాటలు నేర్వలేదు."