అప్పగింతలదాంక

లాల్‌దర్వాజా ఫంక్షన్ హాల్లో కళావతికి ముందు వరుసలో సోఫా వేశారు. నాలుగుసార్లు గెలిచిన కార్పొరేటర్ మరి. ఒకాయన నల్లాలో మురికినీళ్లు వస్తున్నాయని పెళ్లికే సీసాలో పట్టుకొచ్చాడు. ఆమె ఎత్తి చూసి, రేపు మనిషిని పంపిస్తానంది.

డివిజన్ మహిళలకు రిజర్వ్ అయినప్పుడు ఇంట్లోవాళ్లే ఆమెను నిలబెట్టారు. అప్పుడు మైకు పట్టుకోవడం కూడా రాదు. ఇప్పుడు పార్టీ ఆమెను కాదని వేరేవాళ్లను తలవదు. బీ-ఫారం పొద్దునే చేతికొచ్చింది. నామినేషన్ గడువు మూడింటికి. అధికారి ముందు ప్రమాణం ఆమే చేయాలి.

పెళ్లి ఆడబిడ్డ నాగమణమ్మ కూతురు అనూహ్యది. మేనమామగా కళావతి భర్త ప్రహ్లాద్ పిల్లను గంపలో మోసుకొచ్చాడు. మండపంలో దించమంటే ఎంతకీ దించలేదు.

"ఏంది మామా, పిల్లను మీ ఇంటికే తీస్కపోతవా ఏంది?" అన్నారెవరో. అందరూ నవ్వారు. ప్రహ్లాద్ కూడా నవ్వాడు.

అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు నాగమణమ్మ నీళ్లు పోస్తూ ఒకసారి తిరిగి చూసింది. కళావతి ఫోన్‌లోకి తల దించింది.

రెండు దాటాక లేచి అక్షింతలు వేసింది. అనూహ్య ఆమె చెయ్యి వదల్లేదు.

"అత్తా, అప్పగింతలదాంక ఉండరాదు?"

"పనుందమ్మా. అమ్మ ఉన్నది గద."

మెట్ల దగ్గర నాగమణమ్మ అడ్డమొచ్చింది. "ఒక్క గంట వదినా. ఈ ఒక్కపారి ఎలక్షన్ ఇడ్సిపెట్టు."

"ఇప్పుడు ఇడ్సిపెడితే, ఇన్నేండ్లు చేసిందంతా ఏమైతది?"

నాగమణమ్మ పక్కకు జరిగింది. కళావతి నడుస్తుంటే వెనకాల ఆడవాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. కంట్ల తడి లేదు చూడు, కుర్సీ ఎక్కినంక మనిషి గిట్లనే అయితదంట.

చార్మినార్ దగ్గర కారు గాజుల బండ్ల మధ్య ఇరుక్కుంది. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆమె తొందరపెట్టలేదు. అరచేతికి అంటిన పసుపును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. అది పోలేదు.

గడువుకు కాస్త ముందు ఆఫీసుకు చేరింది. గుమ్మంలో ఎదుటి పార్టీ రామ్‌చందర్ నిలబడి ఉన్నాడు. ప్రతిసారీ ఆమె మీద ఏదో ఒక కంప్లైంట్ పెడతాడు. ఏదీ నిలబడదు.

"ఇయ్యాల రావనుకున్న అక్కా," అన్నాడు.

ఆమె అతన్ని దాటుకుని లోపలికి నడిచింది.

ఎన్నికల అధికారి కాగితాలు తిరగేశాడు. "ఏమనుకోకండి మేడమ్, అడగాలి కాబట్టి అడుగుతున్నా. పిల్లలు ఇద్దరికి మించితే పోటీకి పనికిరారు. మీకు ఇద్దరే కదా?"

"ఇద్దరే. ఇద్దరూ కొడుకులే."

ప్రమాణం చదివింది. సంతకం పెట్టింది. బయట కార్యకర్తలు పటాకులు కాల్చారు.

అప్పటికి లాల్‌దర్వాజాలో అప్పగింతలు అయిపోయి, కళావతి మూడో బిడ్డ అత్తారింటి కారెక్కింది.