వేదిక ఉన్న చోటు

"వేదిక ఈడ లేదు," అంది యశోదమ్మ.

ప్రొద్దుటూరు మైదానంలో స్మారకం కమిటీ పెద్దలు ఆమె వైపు తిరిగారు. బడి ముందు సున్నంతో గీత గీసి ఉంది. రాతిపని వలి బాషా అప్పటికే గడ్డపార ఎత్తాడు. దించేశాడు.

మూడేళ్ల కిందట, విశాలాంధ్ర మాట రేగిన రోజుల్లో ఆ మైదానంలోనే పెద్ద వాదన జరిగింది. తెలంగాణతో కలవాలన్నాడు ప్లీడరు శంకరరెడ్డి. కలిస్తే కర్నూలు నుంచి రాజధాని పోతుందన్నాడు బడిపంతులు లక్ష్మయ్య, యశోదమ్మ భర్త. పొద్దు వాలేదాకా మాట్లాడారు. చివర్లో జనాన్ని చేతులెత్తమన్నారు. లక్ష్మయ్య వైపు పట్టుమని పది చేతులు లేవలేదు.

"పంతులూ, నీ ఇంటామె గూడా ఎత్తలేదే," అన్నాడు శంకరరెడ్డి.

మైదానమంతా నవ్వింది. ఆడవాళ్ల మధ్య కూర్చున్న యశోదమ్మ సిగ్గుతో తల వంచుకుంది.

మర్నాటి నుంచి లక్ష్మయ్య ఊళ్లో కనబడలేదు. కమలాపురంలో మద్రాసు రైలెక్కించి వచ్చానని యశోదమ్మ తమ్ముడు కొండయ్య చెప్పాడు. ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు. ఆమె మాత్రం బొట్టు తీయలేదు. ఎవరడిగినా, వస్తాడనే అనేది.

శంకరరెడ్డిని ఆ నవ్వు వదల్లేదు. కోర్టులో వాదిస్తూ వాదిస్తూ ఆగిపోయేవాడు. ఎదుటి బెంచీ మీద పంతులు కూర్చుని వింటున్నట్టు ఉండేది. ఆనాటి వాదన వేదిక ఉన్న చోట ఈ స్మారకం ఆయన తలపెట్టిందే. రాయి మీద తన పేరు కంటే ముందు లక్ష్మయ్య పేరు చెక్కించాడు.

"మరి యాడుండెనమ్మా?" అన్నాడు వలి బాషా.

యశోదమ్మ నడుచుకుంటూ పోయి మైదానం చివర, తంగేడు పొదల్లో నిలబడింది.

"ఈడ."

పొదల్లో వేదిక ఎవరు కడతారని కమిటీలో ఒకాయన గొణిగాడు. తాను నిలబడి మాట్లాడింది బడి ముందేనని శంకరరెడ్డికి బాగా తెలుసు. ఆమె ముఖం చూశాడు.

"ఆయమ్మ చెప్పిన చోటే పెట్టండప్పా," అన్నాడు.

నిలువు రాయికి మూడడుగులు తవ్వాలన్నాడు వలి బాషా. నిలువు రాయే వద్దంది యశోదమ్మ. పైపైన మన్ను చదును చేసి, పేర్లు చెక్కిన నాపరాతి బండనే పరిస్తే చాలంది.

"లోతు పోవద్దప్పా," అంది రెండోసారి. పని అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆవిష్కరణ నాడు శంకరరెడ్డి ఉపన్యాసం ఇవ్వలేదు. పంతులు ఎక్కడున్నా ఒక్కసారి వచ్చి ఈ బండ మీద తన పేరు చూసుకోవాలని మాత్రం అని కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కొండయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

యశోదమ్మ కొంగుతో బండ మీది దుమ్ము తుడిచింది.

ఓడిపోయి చచ్చాడని ఊరు అనకూడదని ఆమె చేత మాట తీసుకుని, వాదన జరిగిన రాత్రే గుండెనొప్పితో కన్నుమూసిన లక్ష్మయ్యను అక్కా తమ్ముడూ పూడ్చిపెట్టింది అక్కడే.