ఎడమ మూల పళ్లు

"ఎడమ మూల పళ్లు రెండూ సగానికి సగం అరిగిపోయాయి. మిగతావి బాగానే ఉన్నాయి," అన్నాడు మెకానిక్, పొక్లెయిన్ బకెట్ ముందు గొంతుక్కూర్చుని.

"అన్నయ్య పనే. ఎప్పుడూ ఆ మూలతోనే తవ్వేవాడు. ఎంత మొత్తుకున్నా తలకెక్కేది కాదు," అన్నాడు తమ్ముడు. పోయిన మనిషి మాట ఎత్తినా అతని గొంతులో ఏ మార్పూ లేదు.

మెకానిక్ సుత్తితో పిన్ను కొట్టి, పన్ను ఊడదీసి అతని చేతిలో పెట్టాడు.

"మీ అన్న అరగదీసినవి ఆయన చనిపోయాక నేనే పీకి పారేశాను కదయ్యా. బండి నీ చేతికొచ్చినప్పుడు ఇవి కొత్తవి. అప్పట్నుంచీ దీన్ని ఇంకెవరైనా ఎక్కారా?"

"లేదు."

"మరి?"

పొద్దుటి తవ్వకానికి వేడెక్కిన పన్ను తమ్ముడి అరచేతిలో ఇంకా చల్లారలేదు.