నక్క నెత్తిన ఈకలు

ఆ అడవి ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా వేటాడొచ్చు. అడవిపుంజును రప్పించాలని నక్క నెత్తిన ఈకలు దోపుకుని, పొదలో కూర్చుని పెట్టలా కూస్తోంది.

"ఇంకో వేటగాడు వస్తే నీ సొంత గొంతుతో ఓ కేక వెయ్యవే," అంది చెట్టుమీది కొండముచ్చు.

"కేకేస్తే పుంజు పారిపోదూ?"

అంతలో వెనకనుంచి తోడేలు అడుగుల చప్పుడు. నక్క గుర్తుపట్టింది. కానీ పుంజు దగ్గరికొచ్చేసిందని నోరు మెదపలేదు. తోడేలు పెట్టే అనుకుని దూకి, ఈకల కింద దొరికిన మెడ కొరికేసింది.

"మామా, నేను..." అంది నక్క ఆఖరి ఊపిరితో.

"ఆ మాట ముందే అనొచ్చు కదే!" అని తోడేలు భోరుమంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, రాలిన ఈకలు ఏరి తన నెత్తిన దోపుకుంది. అదే పొదలో కూర్చుని పెట్టలా కూయడం మొదలెట్టింది.

కొండముచ్చు పక్క చెట్టుమీదికి దూకి వెళ్లిపోయింది.